బొమ్మలు నావి, అక్షరాలు ఓదెలువి

సిరిసిల్ల,
12 జనవరి 1986

మా సునందకు,

మీ బావ గుమాస్తా జగిత్యాల కోర్టుకు వస్తుంటే అతని చేతికి ఒక పొట్లం ఇచ్చాను. విప్పి చూసి నవ్వకు. మా వెనక వాడలో రాజేశం అనే నేతపని అతను ఉన్నాడు. భీవండికి పోయి మరమగ్గాల సాంచాలు నడిపి ఈమధ్యే వచ్చాడు. ట్రంకుపెట్టె అడుగున పరుచుకుందామని అక్కడి పాతకాగితాల దుకాణంలో ఒక పుస్తకం కొన్నాడట. ఇటుకంత లావు. లోపలంతా బొమ్మలే. రాత చీనాదో జపానుదో తెలియదు. మీ బావ మాత్రం కోర్టులో వాదించినంత గట్టిగా జపానుదే అంటున్నాడు.

రాజేశం పెళ్లాం దాన్ని చింపి పొయ్యి రాజేస్తుంటే చూశాను. "అది నాకియ్యవే, మా చెల్లె బొమ్మలేస్తది" అన్నాను. "మీ చెల్లెకు గీ భాష వస్తదా అమ్మా?" అని నోరు తెరిచింది. బొమ్మలు చూడటానికి భాష ఎందుకని పట్టుకొచ్చాను. మొదటి నాలుగు కాగితాలు పొయ్యిలో పోయాయి, సర్దుకో.

చిన్నాయన ఎలా ఉన్నాడు? మల్లాపూర్ ఇల్లు తలుచుకొని ఇంకా అన్నం ముందు నుంచి లేచిపోతున్నాడా? భూముల్లో ఎర్రజెండాలు పాతి ఎన్నేళ్లయింది! జగిత్యాల అద్దె ఇంటికి ఇప్పటికైనా అలవాటు పడాలని నా మాటగా చెప్పు. నీ పెళ్లి జరిగితే ఆయన మనసు కుదుటపడుతుంది. మీ బావ వాళ్ల చిన్నాయన కొడుకు మాధవరావు కరీంనగర్ బ్యాంకులో ఆఫీసరయ్యాడు. ఊరికే చెబుతున్నాను. డ్రాయింగ్ టీచరు ఉద్యోగం మానమనే మనిషి కాదు.

నీ జడ గట్టిగా అల్లేవాళ్లు లేరని దిగులుపడే,
కౌసల్యక్క


జగిత్యాల,
3 ఫిబ్రవరి 1986

కౌసల్యక్కకు,

నీ పుస్తకం వల్ల పిల్లల డ్రాయింగు కాపీలు ఇంతవరకు దిద్దలేదు. హెడ్‌మిస్ట్రెస్ అడిగితే నీ పేరు చెబుతాను.

మొదటిసారి చూసినప్పుడు కథ ఇలా ఉంది: ఒక అబ్బాయి, ఒక అమ్మాయి రైలు స్టేషనులో పక్కపక్కన నిలబడి ఉంటారు. అక్కడి నుంచి దూరమవుతూ పోయి, చివరికి ఒకరినొకరు ఎరగనివాళ్లయిపోతారు. నాకు రెండు రోజులు అన్నం సహించలేదు. మా బడిలో ఉర్దూ చెప్పే జుబేదా ఆపా పుస్తకం తీసుకొని అటు నుంచి తెరిచింది. "అరే, గిది మా కితాబు లెక్కనే సునందా! గిటు దిక్కు నుంచి సదువాలె" అంది. నేను నిర్ఘాంతపోయాను. కథంతా తలకిందులైంది. ముక్కూమొహం తెలియనివాళ్లు బొమ్మల బడిలో కలుస్తారు, చివరికి ఆ స్టేషనుకు చేరతారు!

అంత పుస్తకంలోనూ వాళ్లు చెయ్యి పట్టుకోరు అక్కా. అతను ఆమె పెన్సిళ్లు చెక్కిపెడతాడు. ఆమె అతని బల్ల పక్క కిటికీ మూస్తుంది, వాన జల్లు అతని కాగితం మీద పడుతుందని. కొన్ని పేజీల్లో ఒక్క అక్షరమూ లేదు. ఇలా కూడా కథ చెప్పవచ్చని నాకెవరూ చెప్పలేదు.

అందుకని నేనూ ఒకటి మొదలుపెట్టాను. పేరు 'ఎదురెదురు గోడలు'. ఒకే వీధిలో ఎదురెదురు గోడలకు రంగులు వేసే తార, ఒక పిల్లవాడు, వాళ్లిద్దరి కథ. హైదరాబాదు నుంచి వచ్చే ఒక మాసపత్రిక వాళ్లు నెలకు రెండు పేజీలు వేస్తామన్నారు. బొమ్మలు నావి. అక్షరాలు కోరుట్లలో బోర్డులు రాసే ఓదెలు రాస్తాడు. మా బడి బోర్డు రాయడానికి వచ్చినప్పుడు పరిచయం. కల్లు గీసే కుటుంబం. తండ్రి చెట్టు మీది నుంచి పడి చనిపోయాడు. తల్లి కొమురవ్వ బీడీలు చేస్తుంది. ఆదివారం బస్సెక్కి బస్టాండు ముందున్న అతని దుకాణంలో పేజీలు ఇచ్చి, తిరుగు బస్సుకు వచ్చేస్తాను. కొమురవ్వ అక్కడే చాట ఒళ్లో పెట్టుకొని కూర్చుంటుంది కనుక కంగారుపడకు.

జపాను పుస్తకం అతనికి చూపించాను. వాన చప్పుడుకు వాళ్లు రాసుకున్న అక్షరాల మీద వేలు పెట్టి, "గివి గూడ బొమ్మలే గదా టీచరమ్మా" అన్నాడు.

బాపు బాగున్నాడు. అన్నం ముందు నుంచి ఇంకా లేస్తున్నాడు.

వేళ్లకు సిరా మరకలతో,
సునంద


సిరిసిల్ల,
20 ఏప్రిల్ 1986

సునందా,

రెండు నెలల పత్రికలూ చదివాను. చదివాను అనడానికి అందులో మాటలెక్కడున్నాయి? ఆ పిల్లవాడు రంగు కలిపి సగం తన డబ్బాలో పోసుకొని, సగం తార నిచ్చెన దగ్గర పెట్టి పోతాడు. అయ్యో, పలకరించు నాయనా! ఆ తారకైనా బుద్ధుండొద్దా, వెనక్కి తిరిగి ఒక్క మాట అంటే సొమ్మేం పోతుంది? ఎప్పుడు పెళ్లి చేస్తావు వాళ్లకు? మీ బావ "ఇది కథా, గోడల సర్వేనా?" అంటున్నాడు, కానీ పత్రిక రాగానే ముందు ఆయనే లాక్కుంటాడు.

అయితే దొంగా, నేను పట్టేశాను. ఆ పిల్లవాడి ముక్కు, ఆలోచిస్తున్నప్పుడు పక్కకు వాలే తల చూశాను. అచ్చం మా మాధవరావు! పోయిన ఏడు మా ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి వచ్చినప్పుడు నువ్వు అతన్ని అంతగా చూశావని నాకు తెలియనే లేదు. ఇంత సిగ్గరివి, చెప్పలేక బొమ్మ వేశావన్న మాట. మా అత్తమ్మకు చూపిస్తే ఆమెకూ అలాగే అనిపించింది. కరీంనగర్‌కు కబురు పంపాం. వాళ్లకు సంతోషమే.

ఉబ్బితబ్బిబ్బవుతూ,
కౌసల్యక్క


జగిత్యాల,
5 మే 1986

అక్కా,

అది మాధవరావు బావ ముఖం కాదు. కరీంనగర్ మాట ఆపు. నిజంగానే చెబుతున్నాను.

తార ఎందుకు మాట్లాడదని అడిగావు. మాట్లాడితే ఆ తర్వాత ఏమవుతుందో ఆమెకు తెలుసు కనుక. ఆమె గోడ ఎవరిది, అతని గోడ ఎవరిది, వీధి మధ్యలో ఎవరెవరు కూర్చుని చూస్తుంటారు, అన్నీ ఆలోచించుకోవాలి కదా. మాట్లాడనంత కాలం రేపు కూడా రంగు డబ్బా అక్కడ ఉంటుంది.

ఇక్కడ రోజులు బాగాలేవు. మల్లాపూర్ దిక్కున గోడల మీద అన్నలు నినాదాలు రాయించారు. రాసింది ఓదెలే. పొలాల్లోంచి వచ్చి రాయమంటే కాదనే ధైర్యం ఎవరికుంది? మూడో రోజు పోలీసులు వచ్చి అతని చేతనే సున్నం కొట్టించారు, వీపు మీద నాలుగు వాతలు పెట్టి మరీ. "రాసిందానికి పైసలియ్యలే, చెరిపినదానికి ఇయ్యలే" అని నవ్వుతూ చెప్పాడు. కొమురవ్వ నవ్వలేదు. కోరుట్లలో సగం దుకాణాల మీద అతని అక్షరాలే ఉన్నాయి. ఏ గోడ మీద రాసినా అవి అతనివని చిన్నపిల్లలు కూడా గుర్తుపడతారు. నాకు అదే భయం.

ఈ సంగతి బాపుకు చెబితే, "మల్లాపూర్ల మన ఇంటి గోడ మీద రాసినోడు గూడ వాడేనేమో" అన్నాడు. బాపుకు అప్పటి నుంచీ ప్రతి చెయ్యీ అదే చెయ్యిగా కనిపిస్తుంది. అప్పటికి ఓదెలు బడి పిల్లవాడని చెప్పినా వినలేదు.

సునంద


సిరిసిల్ల,
8 జూన్ 1986

పెళ్లికూతురికి,

కాదు కాదు అని రాస్తే నమ్ముతాననుకున్నావా? నా పెళ్లప్పుడు నేనూ అలాగే రాశాను. చిన్నాయన జవాబు వచ్చింది, "అంతా కౌసల్య ఇష్టం" అని. ఎన్నాళ్లకు ఆయన అక్షరాల్లో వణుకు లేదు! ఆషాఢం రాకముందే ఈ నెలాఖరున నిశ్చితార్థం. గద్వాల చీర తీసుకున్నాను, వంగపండు రంగు.

తార ఎందుకు మాట్లాడదో నువ్వు రాసింది మీ బావకు చదివి వినిపించాను. "రచయిత్రి అయిపోయింది మీ చెల్లె" అన్నాడు.

చీర అంచు తడుముకుంటూ,
కౌసల్యక్క


జగిత్యాల,
16 జూన్ 1986

అక్కా,

నిన్న కోరుట్ల బస్టాండులో నా కళ్ల ముందే ఓదెలును పట్టుకుపోయారు. పట్టపగలు. నేను బస్సు దిగుతున్నాను. అతను దుకాణం ముందు కిరోసినుతో కుంచెలు కడుగుతున్నాడు. నన్ను చూసి లేచాడు. జీపు ఆగింది. మామూలు బట్టల్లో ఉన్నవాళ్లు దిగారు. ఒకడు జుట్టు పట్టుకున్నాడు. అతను అరవలేదు. నా వైపు చూడను కూడా లేదు, అటు తిప్పుకున్నాడు ముఖం. కొమురవ్వ ఒళ్లో చాట ఎగిరిపడి తునికాకులు రోడ్డంతా చెల్లాచెదురయ్యాయి. బస్టాండు నిండా జనం. ఒక్కరూ కదల్లేదు. నేనూ కదల్లేదు.

ఏ స్టేషనుకు పోయి అడిగినా మా దగ్గర లేడంటున్నారు. లేడు అన్నారంటే ఏం చేస్తారో నీకూ తెలుసు. నాలుగు రోజులకు ఏదో ఒక ఊరి గుట్ట దగ్గర ఎదురుకాల్పులని పేపర్లో వస్తుంది.

నిశ్చితార్థం వద్దు. ఇప్పుడు ఏమీ వద్దు.

సు.


సిరిసిల్ల,
19 జూన్ 1986

సునందా,

నీ ఉత్తరం చూశాను. అసలు నువ్వు ఆ బస్టాండుకు ఎందుకు పోవాలి? ఆ జీపు వాళ్లు నీ వైపు తిరిగి ఉంటే? ఇక కోరుట్ల ప్రయాణాలు కట్టిపెట్టు.

పాపం, ఆ తల్లిని తలుచుకుంటే జాలేస్తుంది. కానీ అక్షరాలు రాసేవాడు పోయాడని నువ్వు శుభకార్యం ఆపుకుంటావా? పత్రికవాళ్లకు ఒక నెల ఆగమని రాయి. ఇంకో పెయింటర్ దొరక్కపోడు. మా సిరిసిల్లలోనే ఇద్దరున్నారు, వాళ్ల రాత కూడా గుండ్రంగా బాగుంటుంది. మీ బావ చేత మాట్లాడిస్తాను.

ధైర్యంగా ఉండు.
అక్క


సిరిసిల్ల,
25 జూన్ 1986

సునందా,

ఈ పొద్దున కూరగాయలకని బస్టాండు దిక్కు పోయాను. గోడ మీద ఒక కాగితం అంటించి ఉంది. జనం గుంపుగా నిలబడి చూస్తున్నారు. 'కోరుట్ల బస్టాండులో జీపెక్కించిన ఓదెలు ఎక్కడ?' అని పైన. కింద ఒక మనిషి ముఖం, చేత్తో వేసిన బొమ్మ.

ఆ ముఖం నాకు తెలుసు. ఆ ముక్కు తెలుసు. పక్కకు వాలిన ఆ తల తెలుసు. నాలుగు నెలలుగా నా ఒళ్లో పెట్టుకొని చదువుతున్నాను. మా అత్తమ్మకు చూపించాను, కరీంనగర్ పంపాను, మాధవరావు అని ఊరంతా చెప్పాను!

సంచీ అక్కడే వదిలేసి ఇంటికి వచ్చాను. ఎవరో ఆడమనిషి వెనకాలే వచ్చి, "మీ వంకాయలమ్మా" అని ఇచ్చిపోయింది. ఆమె ముఖం కూడా చూడలేదు.

ఏమిటిది సునందా? ఎన్నాళ్ల నుంచి? చిన్నాయన ఇల్లు ఎవరి వల్ల పోయిందో మరిచావా? నా చేత ఇన్ని అబద్ధాలు ఎందుకు ఆడించావు?

కౌసల్య


జగిత్యాల,
27 జూన్ 1986

అక్కా,

నేను ఒక్క అబద్ధమూ ఆడలేదు. మాధవరావు బావ ముఖం కాదని రాశాను. గట్టిగా రాయలేదు, అంతే.

ఎన్నాళ్ల నుంచి అని అడిగావు. నాకు తెలియదు. ఓదెలు నాతో ఎప్పుడూ ఏమీ అనలేదు, నేనూ అనలేదు. నా పేజీల్లో మాటల కోసం వదిలిన చోటు చాలకపోతే అక్షరాలు చిన్నవి చేసుకున్నాడే కానీ నా బొమ్మ మీదికి ఒక్క గీత రానివ్వలేదు. బస్సు ఆలస్యమైతే దుకాణంలో ఉన్న ఒకే ఒక స్టూలు నాకు వేసి, తను బయట ఎండలో నిలబడేవాడు. ఇవి చెబితే ఏముంది ఇందులో అంటావు. ఏమీ లేదు. ఇంతే ఉంది.

కరీంనగర్ నుంచి పౌరహక్కుల వకీలు ఒకాయన వచ్చి, మనిషి ఫొటో ఉంటే ఊరూరా అంటిద్దాం, పదిమంది చూశాక చంపడానికి జంకుతారన్నాడు. కొమురవ్వ దగ్గర కొడుకు ఫొటో ఒక్కటీ లేదు. అందరి పేర్లూ రాసినవాడు, తన కోసం ఒక ఫొటో దిగలేదు. నేను అక్కడే నేల మీద కూర్చుని బొమ్మ వేశాను.

కొమురవ్వ బొమ్మ చేతిలోకి తీసుకొని చాలాసేపు చూసింది. ఎడమ చెవి వెనక ఒక గాటు ఉంటుంది, జుట్టు కింద దాగి. చిన్నప్పుడు మంచం కోడు తగిలిందట. తెలియకుండానే అదీ వేసేశాను. ఆమె వేలు అక్కడ ఆగింది.

"బిడ్డా, గీ గాటు నీకెట్ల ఎరుక?" అంది.

అతను వంగి రాస్తుంటే వెనక నిలబడి చూశానని చెప్పాలా?

"కన్నదాన్ని, నేనే మర్సిపోయిన గద బిడ్డా" అని నా తల ఒళ్లోకి లాక్కుంది. అప్పటివరకు ఆమె ఏడవలేదు. నేనూ ఏడవలేదు.

బాపుకు ఇంకా తెలియదు. ఆయనకు పత్రికలు చదివే అలవాటు లేదు. నిశ్చితార్థం నువ్వే ఆపాలి. నా వల్ల నీకు మాట వచ్చింది.

సునంద


సిరిసిల్ల,
5 జూలై 1986

సునందా,

అతను బతికే ఉన్నాడు.

నిన్న ఇక్కడి కోర్టులో హాజరుపరిచారు. కోనరావుపేట అడవిలో కరపత్రాలతో దొరికాడని కేసు పెట్టారు. ఊరూరా నీ బొమ్మ లేకుంటే ఆ అడవిలోనే అయిపోయేదని మీ బావ తలుపు వేసి నాతో చెప్పాడు.

నేను కోర్టుకు పోయాను. అవును, నేనే. మీ బావ టిఫిన్ క్యారియర్ తీసుకొని ఆ వంకతో పోయాను. వరండాలో ఒక మూల బేడీలతో కూర్చోబెట్టారు. పక్కన జవాన్లు. మీ బావ భార్యనని ఎవరూ అడ్డం రాలేదు. చూడగానే పోల్చుకున్నాను, నీ బొమ్మ కన్నా సగమయ్యాడు. లోపల, ఆ బొమ్మ వేసిందెవరు, ఏ దళం మనిషి అని సర్కారు వకీలు గుచ్చి గుచ్చి అడిగాడట. తెలియదన్నాడట.

నేను దగ్గరికి పోయి మెల్లగా అడిగాను. "జగిత్యాల సునంద మా చెల్లె. నీకు ఎరుకేనా?"

తల ఎత్తి నన్ను చూశాడు. తర్వాత జవానును చూశాడు.

"ఏ సునందమ్మ? నాకు ఎరుకలేదు దొరసానీ" అన్నాడు.

"బొమ్మల కథ రాయలేదా ఆమెతో?"

"నేను బోర్డులు రాసేటోన్ని. ఎందరో రాయించుకుంటరు. అందరు యాదికుంటరా?"

విన్నావా? ఎవరి కోసం నువ్వు ఇంటి పరువు గోడలకు అంటించావో అతనికి నువ్వు యాదికే లేవు! నాకు అక్కడే చెంప మీద కొట్టినట్లయింది. నీళ్లు కావాలని సైగ చేస్తే క్యారియర్ మూతలో పోసిచ్చాను, మనిషని. రెండు చేతుల వేళ్లూ వాచిపోయి మూత పట్టుకోలేకపోయాడు. నేనే నోటికి అందించాను.

ఇకనైనా కళ్లు తెరువు తల్లీ. అదృష్టం, చిన్నాయన దాకా పోకముందే తేలిపోయింది. కరీంనగర్ వాళ్లకు నీకు జ్వరమని చెప్పి ఆపాను. ఇంకా సమయం ఉంది.

అక్క


జగిత్యాల,
7 జూలై 1986

అక్కా,

ఆ వేళ్లు నువ్వు కళ్లారా చూశావు. నీళ్లు తాగించావు. అయినా నీకు అర్థం కాలేదా? ఆ బొమ్మ వేసిందెవరని అడుగుతూనే కదా ఆ వేళ్లను అలా చేశారు! ఒక్క పేరు చెబితే ఆగేవాళ్లు. ఆ పేరు నాది. చెప్పలేదు. జవాను వింటుంటే నీకూ చెప్పలేదు.

నాకు ఎరుకలేదు అన్న మాట కన్నా పెద్ద మాట నాతో ఎవరూ అనలేదు, ఇక అనరు.

పద్నాలుగున మళ్లీ వాయిదా ఉంది. కోనరావుపేట అడవిలో దొరికాడన్న మనిషిని కోరుట్ల బస్టాండులో జీపెక్కించడం చూసిన సాక్షిని నేను. వకీలుతో మాట్లాడాను. వచ్చి చెబుతాను.

నన్ను ఆపాలని చూడకు. వస్తే పక్కన నిలబడు. రాకపోయినా నాకు కోపం లేదు.

సునంద


కోరుట్ల,
15 జూలై 1986

అక్కా,

నువ్వు రాలేదు. బావ కూడా ఆ కోర్టు హాలు దరిదాపుల్లో కనిపించలేదు. అందుకే జరిగింది రాస్తున్నాను. వేరేవాళ్లు వేరేగా చెబుతారు.

నా పేరు పిలవగానే అతను తల అడ్డంగా ఊపాడు, వద్దని. జడ్జి కసిరినా ఊపుతూనే ఉన్నాడు. నేను బోనెక్కి చూసిందంతా చెప్పాను. తేదీ, జీపు, జుట్టు పట్టుకున్న చెయ్యి, అన్నీ. ఆ బొమ్మ నేనే వేశానని కూడా చెప్పాను. సర్కారు వకీలు నవ్వి అడిగాడు: "భాస్కర్ రావుగారి బిడ్డవు గదా? మల్లాపూర్ దొరలు. ఈ మనిషి నీకేమైతడు?"

నేను ఏమని వచ్చానో తెలుసా? పత్రికలో కలిసి పనిచేస్తామని చెబుదామని వచ్చాను. మన వకీలు కూడా అదే చెప్పమన్నాడు. నోరు తెరిచాక వచ్చిన మాట వేరు.

"నేను చేసుకోబోయే మనిషి" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మేమిద్దరం ఒకరితో ఒకరం ఎప్పుడూ అనుకోని మాట, మొదటిసారి ఒక జడ్జి ముందు, పరాయివాళ్ల మధ్య బయటపడింది. అతను తల ఊపడం ఆపేశాడు. బేడీల చేతులతో ముఖం కప్పుకున్నాడు.

బెయిలు ఇచ్చారు. కానీ భూమి పట్టా ఉన్నవాళ్లు ఎవరైనా పూచీగా జమానతు పడాలట. కొమురవ్వకు గుంట భూమి లేదు. ఊళ్లో అడిగితే అందరూ తలలు వంచుకుంటున్నారు. భయం మరి.

సాయంత్రం జగిత్యాల ఇంటికి పోయాను. నాకన్నా ముందే సంగతి చేరింది. బాపు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. తిట్టలేదు. "మల్లాపూర్ ఇల్లు పోయిన్నాడు గూడ నేను ఏడువలే బిడ్డా" అన్నాడు. ఆయన బుగ్గల మీద నీళ్లు కారుతున్నాయి. నేను కాళ్లు పట్టుకోబోతే వెనక్కి జరిగి తలుపు వేసుకున్నాడు. తలుపు అవతలే నిలబడి ఉన్నాడని తెలుస్తూనే ఉంది. నేనూ ఇవతల చాలాసేపు నిలబడ్డాను. తర్వాత కోరుట్ల బస్సెక్కాను.

కొమురవ్వ ఇంట్లో ఉన్నాను.

సునంద


సిరిసిల్ల,
18 జూలై 1986

సునందా,

నేను రాలేదు అని రాశావు. పద్నాలుగున నేను జగిత్యాలలో ఉన్నాను. నిన్ను ఆపుదామని తెల్లవారే మొదటి బస్సెక్కి వచ్చాను. నువ్వు అప్పటికే బయలుదేరావు. చిన్నాయన పక్కన కూర్చున్నాను. మధ్యాహ్నం ఎవరో వచ్చి కోర్టులో నువ్వన్న మాట చెప్పారు. చిన్నాయన ముఖం చూడలేక వెంటనే తిరుగు బస్సెక్కాను. ఆయనను ఒంటరిగా వదిలి వచ్చినందుకు ఇప్పటికీ కుమిలిపోతున్నాను.

ఇంటికి వచ్చాక నిద్ర పట్టలేదు. ఆ క్యారియర్ మూత కడిగి బోర్లించిన చోటే ఉంది. ఆ వేళ్లు చూసి నీళ్లు తాగించి, ఇంటికి వచ్చి నిన్ను కళ్లు తెరవమని రాశాను. నాకేమైంది సునందా అప్పుడు?

మా నాయన పసుపు కుంకుమ కింద నా పేర రాసిన భూమి కోనరావుపేటలో ఉంది కదా. ఈ పొద్దున ఆ పట్టా తీసుకొని కోర్టుకు పోయి జమానతు పడతానని చెప్పాను. గుమాస్తా కలం కింద పడేశాడు. మీ బావను పిలిచారు. ఆయన నల్లకోటుతోనే పరుగెత్తుకొచ్చి, "నీకు పిచ్చి గిట్ల లేచిందా కౌసల్యా? రేపు నేనీ కోర్టుల ఎట్ల నిలబడాలె?" అన్నాడు. "భూమి నాది, సంతకం నాది. మీరెట్లనే నిలబడుండ్రి" అన్నాను. పెళ్లయ్యాక ఆయనకు ఎదురు మాట్లాడటం ఇదే మొదలు. ఇద్దరం ఒకరినొకరం చూసుకొని అదిరిపోయాం.

సంతకం పెట్టాను. మీ బావ నాతో మాట్లాడటం లేదు. అత్తమ్మ కూడా. పర్వాలేదు. బుధవారం వదులుతారట. వచ్చి తీసుకుపో. నేను జైలు గేటు దగ్గర ఉంటాను.

భయం భయంగా,
అక్క


కోరుట్ల,
24 జూలై 1986

అక్కకు,

నిన్న నువ్వు బస్సు కిటికీలోంచి మూట అందించి వెనక్కి తిరిగిపోయావు. నేను పిలిచాను, ఇంజను చప్పుడులో వినపడినట్లు లేదు. మూటలో అన్నం, పెసరపప్పు, అతను వేళ్లతో కలుపుకోనక్కర లేకుండా మెత్తగా పిసికి పెట్టావు.

కొమురవ్వకు జ్వరంగా ఉండి రాలేదు. మేమిద్దరమే. ఖాళీ ఉన్నా నా పక్కన కూర్చోలేదు, అవతలి సీటులో కూర్చున్నాడు. వేములవాడ దాకా ఇద్దరం కిటికీలే చూశాం. కోర్టులో నేనన్న మాటకు అతనేమనుకుంటున్నాడో ఒక్క ముక్క తెలియదు. ప్రాణం పోతుందనే భయం తీరాక ఈ భయం ఇంత పెద్దదిగా ఉంటుందని అనుకోలేదు.

వేములవాడ దాటాక నా వైపు చూడకుండానే అన్నాడు: "నన్ను అడుగకుంటనే చెప్పినవ్."

నన్ను 'నువ్వు' అనడం అదే మొదలు. అంతవరకు మీరు, టీచరమ్మ.

"అవ్" అన్నాను. "ఇప్పుడు అడుగుతున్న."

బయట వాన పట్టింది. కిటికీ షట్టరు దించబోయాడు, వేళ్లు సహకరించలేదు. నేను లేచి దించాను. దించి ఇక నా సీటుకు తిరిగి పోలేదు, అతని పక్కనే కూర్చున్నాను. అతను జరగలేదు, నన్ను జరగమనలేదు. జవాబు రాదేమో అనుకున్నాను. అడగకుండా ఉండాల్సిందేమో అనుకున్నాను.

ఇంతలో టికెట్లు కొట్టుకుంటూ కండక్టరు మా దగ్గరికి వచ్చాడు. "ఏడికి? ఎందరు?"

నేను చెప్పబోయేలోపే ఓదెలు తల ఎత్తాడు.

"కోరుట్ల" అన్నాడు. "ఇద్దరం."

నీ సునంద